ఓడిపోతున్నప్పుడు ఎవర్ని పక్కన పెట్టాలి?

2025 నవంబరు 15, శనివారం పొద్దున మా ఇంట్లో ఇడ్లీలు చల్లారిపోయాయి. రవీంద్ర జడేజాను చెన్నై సూపర్ కింగ్స్ వాళ్లు రాజస్థాన్ రాయల్స్‌కి ఇచ్చేశారని టీవీలో వార్త వచ్చింది. జడేజాతో పాటు శామ్ కరన్‌ను కూడా ఇచ్చి, అటువైపు నుంచి సంజు శాంసన్‌ను తెచ్చుకున్నారు. తాతయ్య టీవీ కట్టేసి, "ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య" అన్నారు. నాన్న మాత్రం "ఇప్పటికైనా మేలుకున్నారు, పోయిన ఏప్రిల్‌లోనే చేయాల్సిన పని" అన్నారు. ఇద్దరూ చాలాసేపు వాదించుకుని, చివరికి నా వైపు తిరిగారు. ఎందుకంటే స్కోర్లు రాసే నోటుబుక్కు నా దగ్గరుంది.

ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. పదో తరగతి అర్ధ సంవత్సర పరీక్షలు దగ్గర పడ్డాయని తప్పించుకున్నాను. ఆ జవాబే ఇప్పుడు రాస్తున్నాను. విమర్శ అంటే తిట్టడం కాదు, తూచి చెప్పడం అని మా తెలుగు మేడమ్ క్లాసులో చెప్పారు. అందుకని తూచడానికే ప్రయత్నిస్తాను. కానీ నేను చిన్నప్పటి నుంచి పసుపు చొక్కా అభిమానిని, ఆ పక్షపాతం కొంచెం ఉంటుంది, మన్నించండి.

నా మాట ముందే చెప్పేస్తాను. పెద్ద వయసు ఆటగాళ్లను ఉంచుకోవడం తప్పు కాదు. వాళ్లను పంపించడమూ తప్పు కాదు. ఒకరికి ఐదేళ్ల ఓపిక, ఇంకొకరికి ఐదు మ్యాచ్‌ల ఓపిక అని రెండు తక్కెడలు పెట్టుకోవడమే మన చెన్నై జట్టు చేసిన తప్పు.

క్రికెట్ చూడని టీచర్లు, అమ్మలు కూడా ఈ పత్రిక చదువుతారు కాబట్టి ఒక విషయం వివరించాలి. అమెరికాలో బేస్‌బాల్ అనే ఆట ఉంది. అక్కడ సీజన్ సగంలో జట్టు ఓడిపోతుంటే, ఒక గడువు తేదీ లోపల తమ పాత ఆటగాళ్లను వేరే జట్టుకి ఇచ్చేసి, బదులుగా కుర్రాళ్లనో, తమకు లోటుగా ఉన్న ఆటగాడినో తెచ్చుకోవచ్చు. 2004 జులై 31న బోస్టన్ రెడ్ సాక్స్ జట్టు తమ ఊరి జనం నెత్తిన పెట్టుకున్న నోమార్ గార్సియాపారాను షికాగో కబ్స్‌కి పంపేసింది. బోస్టన్‌లో మా తాతయ్యలాంటి తాతలు ఎంతమంది టీవీ కట్టేసి ఉంటారో! కానీ అదే ఏడాది అక్టోబరులో ఆ జట్టు వరల్డ్ సిరీస్ గెలిచింది. అది 1918 తర్వాత మళ్లీ గెలవడం, అంటే 86 ఏళ్లకి. ఇలాంటి కథ విన్నవాళ్లెవరైనా "చూశారా, ధైర్యంగా పంపేస్తే గెలుస్తారు" అంటారు. పంపేసి కూడా ఓడిపోయిన జట్లు ఎన్నో ఉంటాయి, వాటి కథలు మాత్రం ఎవరూ చెప్పరు.

ఐపీఎల్‌లో సీజన్ మధ్యలో జడేజాలాంటి ఆటగాడిని ఇలా ఇచ్చి పుచ్చుకునే వీలు లేదు. కొన్నేళ్లు మధ్యలో ఒక చిన్న కిటికీ తెరిచారు గానీ, అది రెండు మ్యాచ్‌ల కంటే ఎక్కువ ఆడని వాళ్లకే. కాబట్టి ఏప్రిల్‌లో వరసగా ఓడిపోయే జట్టు చేయగలిగింది రెండే. బెంచి మీద కూర్చున్నవాళ్లను ఆడించడం, ఎవరికైనా దెబ్బ తగిలితే ఆ స్థానంలో బయటి నుంచి ఒకరిని తెచ్చుకోవడం. నాన్న "ఏప్రిల్‌లోనే చేయాల్సింది" అన్నది ఆ లెక్కన కుదరదు. కానీ ఏప్రిల్‌లో వేరే పని చేయొచ్చు. ఆ పని ఎప్పుడు, ఎలా చేశారన్నదే నా ప్రశ్న.

ముందు 2020 సంగతి చెప్పాలి. అప్పుడు నాకు పదేళ్లు. పగలంతా ఫోన్‌లో ఆన్‌లైన్ క్లాసులు, సాయంత్రం అదే ఫోన్‌లో నాన్న మ్యాచ్ చూడటం. కరోనా వల్ల ఆట దుబాయ్, అబుదాబి, షార్జాలలో జరిగింది. మన జట్టులో చాలామంది ముప్ఫై దాటినవాళ్లు. 2018లో కప్పు గెలిచినప్పుడు జనం ముద్దుగా "నాన్నల సైన్యం" అని పిలిచింది ఆ జట్టునే. అప్పుడు ఫైనల్లో షేన్ వాట్సన్ 117 పరుగులు చేసి మన హైదరాబాద్ జట్టును ఓడించాడు. మన గుంటూరు అంబటి రాయుడు ఆ సీజన్లో 602 పరుగులు చేశాడు. కానీ 2020లో అదే సైన్యం అలిసిపోయింది. మొదటి మ్యాచ్‌లో ముంబయి మీద రాయుడు 71 కొట్టి గెలిపించాక అన్నీ తలకిందులయ్యాయి. అక్టోబరు 19న అబుదాబిలో 20 ఓవర్లు ఆడి 125 పరుగులే చేసి రాజస్థాన్ చేతిలో ఓడిపోయారు.

ఆ రోజు మ్యాచ్ తర్వాత ధోని అన్న మాట చెన్నైలో ఇప్పటికీ అనుకుంటారు. సీనియర్లను పక్కన పెట్టేంత మెరుపు కుర్రాళ్లలో తమకు కనబడలేదని ఆయన అర్థం. మన ఊరి పాత కెప్టెన్ కృష్ణమాచారి శ్రీకాంత్ గారికి కోపం వచ్చింది. మరి కేదార్ జాదవ్‌లో మెరుపు కనబడిందా అని టీవీలో గట్టిగా అడిగారు. నేను ఇప్పుడు పాత స్కోరు కార్డులు తీసి చూస్తే శ్రీకాంత్ గారి వైపే మొగ్గుతాను. ఆ సీజన్లో అప్పటికి తమిళనాడు కుర్రాడు జగదీశన్‌కు ఒక మ్యాచ్ ఇచ్చారు. బెంగళూరు మీద 33 పరుగులు చేశాడు. తర్వాతి మ్యాచ్‌కి మళ్లీ బెంచి మీదికే. ఒక్క మ్యాచ్‌లో మెరుపు ఎలా కనబడుతుంది? పరీక్షలో మొదటి ప్రశ్నకే పేపరు లాగేసుకుని "నీకు రాదు" అన్నట్టు ఉంది.

అయితే అదే సీజన్ ఇంకో విషయం కూడా చూపించింది, అది రాయకపోతే నేను సరిగ్గా తూచినట్టు కాదు. రుతురాజ్ గైక్వాడ్ మొదటి మూడు ఇన్నింగ్స్‌లలో 0, 5, 0 చేశాడు. ప్లే ఆఫ్‌ ఆశ పోయింది కాబట్టి అతన్నే కొనసాగించారు. తర్వాతి మూడు మ్యాచ్‌లలో 65 నాటౌట్, 72, 62 నాటౌట్. మూడూ గెలిచారు. జట్టు ఏడో స్థానంలో ఆగిపోయింది, ప్లే ఆఫ్‌కు వెళ్లకపోవడం అదే మొదటిసారి. మరుసటి ఏడాది, 2021లో, గైక్వాడ్ మొదటి మూడు మ్యాచ్‌లలో 5, 5, 10 చేశాడు. ఈసారి పోగొట్టుకోవడానికి చాలా ఉంది, అయినా తీసేయలేదు. ఆ సీజన్ చివరికి అతనికి 635 పరుగులు, అందరికంటే ఎక్కువ. ఇప్పుడు అతనే కెప్టెన్.

ఆ 2021 కప్పే తాతయ్య వాదానికి బలం. అంతకుముందు ఏడాది ఏడో స్థానంలో ఉన్న జట్టు, దాదాపు అదే పెద్దవాళ్లతో కప్పు కొట్టింది. ఫైనల్లో కోల్‌కతా మీద డుప్లెసిస్ 86 పరుగులు చేశాడు, అప్పటికి అతనికి 37 ఏళ్లు. కొత్తగా తెచ్చుకున్నవాళ్లలో రాబిన్ ఉతప్ప ఉన్నాడు. అతనూ కుర్రాడేం కాదు, 35 ఏళ్లు. రాజస్థాన్ నుంచి బదిలీ మీద వచ్చి, ఢిల్లీతో క్వాలిఫయర్లో 63, ఫైనల్లో 15 బంతుల్లో 31 కొట్టాడు. అందరూ పాత చింతకాయ పచ్చడి అని నవ్విన జట్టే అది. పాత చింతకాయ పచ్చడి ఊరికే పాతబడదు కదా, ఊరుతుంది కూడా.

కానీ గెలుపు కొన్ని విషయాలను దాచిపెడుతుంది. జనం "చిన్న తల" అని పిలుచుకున్న సురేశ్ రైనాను ఆ సీజన్ చివర్లో ఆడించలేదు. తర్వాత 2022 ఫిబ్రవరి వేలంలో ఏ జట్టూ కొనలేదు, మనవాళ్లూ కొనలేదు. 2022లో ముందు జడేజాను కెప్టెన్ చేసి, 8 మ్యాచ్‌లలో రెండే గెలిచాక సీజన్ మధ్యలోనే మళ్లీ ధోనికి ఇచ్చారు. తొమ్మిదో స్థానం. 2023లో మళ్లీ కప్పు. ఆ ఫైనల్ అర్ధరాత్రి దాటాక ముగిసింది, చివరి రెండు బంతుల్లో జడేజా 6, 4 కొట్టాడు. అదే రాయుడికి చివరి మ్యాచ్, 8 బంతుల్లో 19 కొట్టాడు. కప్పు తీసుకోవడానికి ధోని వాళ్లిద్దర్నీ ముందుకి పిలిచాడు. మా వీధిలో ఆ రాత్రి ఒంటిగంటన్నరకి టపాకాయలు పేలాయి. ఒక ఏడాది ఏడు, ఇంకో ఏడాది కప్పు, మళ్లీ తొమ్మిది, మళ్లీ కప్పు. ఇలా జరిగితే ఎవరికైనా, ఓడినా పర్వాలేదు, వచ్చే ఏడాది అదే సర్దుకుంటుందిలే అనే అలవాటు పడిపోతుంది. మన జట్టు పెద్దలకి ఆ అలవాటే పడిందని నా అనుమానం.

ఇక 2025. ఈ ఏడాదే నేను నోటుబుక్కు మొదలుపెట్టాను. మొదటి మ్యాచ్ ముంబయి మీద గెలిచాక వరసగా ఐదు ఓడిపోయారు. చెపాక్‌లో మన మీద బెంగళూరు 2008 తర్వాత మొదటిసారి గెలిచింది. ఆ రోజు ధోని తొమ్మిదో నంబరులో బ్యాటింగ్‌కు వచ్చాడు, నేను ఆ వరస రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాశాను, తప్పు రాశానేమో అని. తర్వాత ఢిల్లీ చెపాక్‌లో మన మీద 2010 తర్వాత మొదటిసారి గెలిచింది. ఆ మ్యాచ్‌లో విజయ్ శంకర్ 54 బంతుల్లో 69 నాటౌట్. నోటుబుక్కులో చూస్తే 69 చాలా బాగుంది. కానీ జట్టు 25 పరుగుల తేడాతో ఓడింది. ఆ ఆట చూసినవాళ్లకే తెలుసు, గెలవడానికి ఆడుతున్నారా, రోజు గడపడానికి ఆడుతున్నారా అని నాన్న ఎందుకు అరిచారో.

ఏప్రిల్ 11న ఇంకా ఘోరం. గైక్వాడ్ మోచేతికి దెబ్బ తగిలి సీజన్ మొత్తానికి దూరమయ్యాడు. కొత్త కెప్టెన్ ఎవరు? 43 ఏళ్ల ధోని. కోల్‌కతా మీద 20 ఓవర్లలో 103 పరుగులు. వాళ్లు 10.1 ఓవర్లలో కొట్టేశారు. మా ఇంట్లో అన్నం తినడం పూర్తికాక ముందే మ్యాచ్ అయిపోయింది.

అప్పుడు తలుపు తెరిచారు. ఏప్రిల్ 14న లక్నోలో షేక్ రషీద్‌ను ఓపెనర్‌గా దింపారు. తెలుగువాళ్లం కాబట్టి ఈ పేరు దగ్గర కాసేపు ఆగుతాను. రషీద్ గుంటూరు జిల్లా కుర్రాడు. 2022లో అండర్ 19 ప్రపంచ కప్పు గెలిచిన భారత జట్టుకి వైస్ కెప్టెన్. సెమీ ఫైనల్లో ఆస్ట్రేలియా మీద 94, ఫైనల్లో ఇంగ్లండ్ మీద 50 చేశాడు. 2023 సీజన్ నుంచి చెన్నై జట్టులోనే ఉన్నాడు. 2023లో ఒక్క మ్యాచ్ లేదు. 2024లో ఒక్క మ్యాచ్ లేదు. 2025లో ఆరు మ్యాచ్‌లు అయ్యి, ఐదు ఓడాక అవకాశం వచ్చింది. వచ్చీ రాగానే 19 బంతుల్లో 27. మనం గెలిచాం. మా అమ్మకి క్రికెట్ అంటే గిట్టదు, కానీ ఆ రోజు "మన పిల్లాడు" అంటూ వంటింట్లోంచి రెండుసార్లు వచ్చి చూసింది.

ఏప్రిల్ 20న ముంబయిలో ఆయుష్ మాత్రే వచ్చాడు. 17 ఏళ్లు. నా కంటే రెండేళ్లే పెద్ద! మొదటి మ్యాచ్‌లోనే 15 బంతుల్లో 32. ఏప్రిల్ 25న దక్షిణాఫ్రికా కుర్రాడు డెవాల్డ్ బ్రెవిస్ వచ్చాడు, 25 బంతుల్లో 42. ఆ మ్యాచ్ మన చెపాక్‌లో హైదరాబాద్‌తో. మా వార్షిక పరీక్షలు అయిపోయాయి, హైదరాబాద్ నుంచి అత్తయ్య వచ్చి ఉంది. చెన్నైలో ఉండే తెలుగువాళ్ల ఇళ్లల్లో ఆ రోజు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఆట మొదటి బంతికే షమీ రషీద్‌ను అవుట్ చేశాడు. అత్తయ్య చప్పట్లు కొట్టబోయి, గుంటూరు పిల్లాడని గుర్తొచ్చి మధ్యలో ఆపేసింది. హైదరాబాద్ చెపాక్‌లో మన మీద గెలవడం అదే మొదటిసారి.

తర్వాత రెండు మ్యాచ్‌లు ఆడించి రషీద్‌ను పక్కన పెట్టారు. మొత్తం ఐదు మ్యాచ్‌లు. నవంబరులో, జడేజాను పంపిన రోజే, రషీద్‌ను కూడా జట్టు నుంచి వదిలేశారు. జడేజా గురించి టీవీలో ఆ రోజంతా మాట్లాడారు. రషీద్ పేరు వదిలేసినవాళ్ల పట్టీలో ఒకటిగా కిందనుంచి వెళ్లిపోయింది.

రషీద్ గొప్పగా ఆడాడని నేను అనడం లేదు. ఆ ఐదింటిలో 27 దాటలేదు. మాత్రే, బ్రెవిస్ అతని కంటే చాలా బాగా ఆడారు. మాత్రే 7 మ్యాచ్‌లలో 240 పరుగులు చేశాడు, బెంగళూరు మీద 48 బంతుల్లో 94. బ్రెవిస్ 6 మ్యాచ్‌లలో 225. కాబట్టి రషీద్‌ను తీసి ఇంకొకరిని పెట్టడం సరైనదే అని ఎవరైనా అంటే నేను కాదనలేను. నేను అడిగేది వేరు. 0, 5, 0 చేసిన గైక్వాడ్‌కి ఇంకో మూడు మ్యాచ్‌లు, ఆ తర్వాతి ఏడాది 5, 5, 10 చేసినా ఇంకా మ్యాచ్‌లు దొరికాయి. పెద్దవాళ్లకైతే సీజన్లకు సీజన్లు దొరికాయి. రషీద్‌కి రెండేళ్లు బెంచి, ఆ తర్వాత కాలిపోతున్న ఇంట్లోకి తోసినట్టు ఐదు మ్యాచ్‌లు. ఎవరికి ఎంత ఓపిక అని ముందే ఒక లెక్క ఉండాలి కదా? ఇంకో మాట. మాత్రే, బ్రెవిస్ ఇద్దరూ వేలంలో మనవాళ్లు కొన్నవాళ్లు కాదు. ఇద్దరూ దెబ్బ తగిలినవాళ్ల స్థానంలో వచ్చినవాళ్లే. గైక్వాడ్ మోచేయి బాగుంటే మాత్రే ఆట మనం చూసేవాళ్లమా? 14 మ్యాచ్‌లలో 4 గెలిచి, చరిత్రలో మొదటిసారి ఆఖరి స్థానంలో నిలిచిన సీజన్లో జట్టుకి దొరికిన మంచి అంతా ప్రమాదవశాత్తూ దొరికిందే.

ఇక్కడ నా సొంత విషయం ఒకటి చెప్పాలి. చెప్పకుండా ఇంత పెద్ద పెద్ద ఆటగాళ్ల మీద తీర్పు చెప్పడం నాకు సిగ్గుగా ఉంది.

పోయిన వేసవి సెలవుల్లో మా పక్క వీధులవాళ్లు కలిసి ఆదివారాలు కార్పొరేషన్ గ్రౌండులో టెన్నిస్ బంతి పోటీ పెట్టుకున్నారు. ఐదు వీధులు, మనిషికి యాభై రూపాయలు. మా పెద్దమ్మ కొడుకు మా వీధి కెప్టెన్. నాకు స్కోరు రాసే పని. మా జట్టులో ఒక అన్న ఉన్నాడు, 26 ఏళ్లు, పార్సిళ్లు ఇచ్చే ఉద్యోగం. మా వీధి పిల్లలందరికీ బ్యాటు పట్టుకోవడం నేర్పింది అతనే. స్టంపులు అతను కొన్నవే. మొదటి మూడు మ్యాచ్‌లు ఓడిపోయాం. మూడో మ్యాచ్ అయ్యాక చెట్టు కింద అందరూ కూర్చుని ఉంటే, ఎవర్ని మార్చాలో చెప్పమని మా పెద్దమ్మ కొడుకు నా నోటుబుక్కు అడిగాడు. నేను ఇవ్వలేదు, నేనే లేచి నిలబడి పైకి చదివాను. అన్నవి 4, 0, 7. రెండు క్యాచ్‌లు వదిలేశాడు. అప్పటికి నేను చెన్నై జట్టు గురించి నెల రోజులుగా అదే మాట అంటున్నాను కాబట్టి, నాకు చాలా తెలివైన పని చేసినట్టు అనిపించింది.

అన్న "సరేమ్మా" అన్నాడు. అంతే. అతని స్థానంలో వచ్చిన ఎనిమిదో తరగతి పిల్లాడికి తన బ్యాటే ఇచ్చాడు. నాలుగో మ్యాచ్‌లో అంపైరుగా నిలబడ్డాడు. ఆ మ్యాచ్ గెలిచాం, పిల్లాడు 11 కొట్టాడు. తర్వాతి ఆదివారం నుంచి అన్న రాలేదు. డ్యూటీ ఉందని చెప్పాడట. ఇప్పుడు కనబడితే పలకరిస్తాడు, పరీక్షలు ఎప్పుడని అడుగుతాడు, ఆట ఊసు ఎత్తడు.

నేను చదివిన అంకెల్లో తప్పు లేదు. పిల్లాడిని ఆడించడం కూడా తప్పు కాదు, అతను బాగానే ఆడాడు. కానీ నా నోటుబుక్కు మే 4న మొదలైంది. అన్న మాకు ఆట నేర్పింది దానికి ఎన్నో ఏళ్ల ముందు. ఆ విషయం పక్కన పెట్టినా, అందరి ముందు చదవడానికి ముందు ఒకసారి అతని ఇంటికి వెళ్లి "అన్నా, ఇలా అనుకుంటున్నాం" అని చెప్పి ఉండొచ్చు. రెండు ఇళ్ల అవతలే కదా ఇల్లు.

అందుకే నవంబరు వార్త విన్నప్పుడు నేను ముందు చూసింది జడేజా స్కోర్లు కాదు, అతన్ని అడిగారా లేదా అన్నది. ఆటగాళ్ల ఒప్పుదలతోనే చేశామని చెన్నై జట్టు పెద్ద కాశీ విశ్వనాథన్ గారు చెప్పారు. జడేజాకి రాజస్థాన్ కొత్త చోటు కూడా కాదు. 2008లో, 19 ఏళ్లప్పుడు, అతను ఐపీఎల్ మొదలుపెట్టిందే అక్కడ, ఆ ఏడాది కప్పు కూడా గెలిచాడు. 2012 నుంచి, చెన్నై జట్టు ఆడని రెండేళ్లు తప్ప, పసుపు చొక్కాలోనే ఉన్నాడు. 18 కోట్ల మీద ఉన్నవాడు అక్కడికి 14 కోట్లకి వెళ్లాడు. కాబట్టి ఇది తాతయ్య అన్నట్టు బోడి మల్లయ్య కథ కాదని నాకనిపిస్తుంది. కనీసం మా చెట్టు కింద జరిగినదాని కంటే మర్యాదగా జరిగింది.

ఆట పరంగా కూడా ఈ బదిలీకి అర్థం ఉంది. 2025లో జడేజా 301 పరుగులు, 10 వికెట్లు. చెడ్డ అంకెలేం కావు, ఆఖరి స్థానంలో ఉన్న జట్టులో మంచివే. కానీ అతనికి 37 రాబోతున్నాయి, శాంసన్‌కి అప్పుడే 31 నిండాయి. పైగా శాంసన్ వికెట్ కీపర్. ధోని తర్వాత గ్లవ్స్ ఎవరికి అన్న ప్రశ్న చెన్నైలో ఎన్నో ఏళ్లుగా అందరూ మనసులో అడుగుతున్నదే, పైకి అడగలేనిది. దానికి ఇప్పుడు ఒక జవాబు దొరికింది. ఆటలో బాగా ఆడుతున్నవాడిని ఇస్తేనే అవతలివాళ్లు మంచివాడిని ఇస్తారు. పూర్తిగా చెల్లని నోటుకి అంగట్లో ఏం వస్తుంది? ఆ మాట మా తాతయ్యకి చెబితే కొంచెం మెత్తబడ్డారు, ఒప్పుకోలేదు.

నాకు నచ్చనిది ఒకటుంది. 36 ఏళ్ల జడేజా వయసు లెక్కపెట్టినవాళ్లు 44 ఏళ్ల ధోని వయసు లెక్కపెట్టలేదు. తల మీద నాకు ఎంత ఇష్టమో మా క్లాసువాళ్లందరికీ తెలుసు, నా జామెట్రీ బాక్సు మీద 7 నంబరు ఉంది. అయినా ఈ వాక్యం రాయకపోతే మిగిలినవన్నీ రాయడానికి నాకు హక్కు ఉండదు. ధోని కోసం అందరూ స్టేడియానికి వస్తారు, నిజమే. జనం రావడం ఒక కారణం అయితే, అది కారణమని చెప్పాలి. ఆట కోసమే అని చెబితే, తొమ్మిదో నంబరులో ఎందుకు వచ్చాడో కూడా చెప్పాలి.

డిసెంబరులో అబుదాబిలో జరిగిన చిన్న వేలంలో మన జట్టు ఒక్కసారిగా కుర్రాళ్ల మీద పడింది. ప్రశాంత్ వీర్‌కి 20 ఏళ్లు, కార్తీక్ శర్మకి 19. దేశం తరఫున ఒక్క మ్యాచ్ ఆడని ఈ ఇద్దరికీ చెరి 14.20 కోట్లు పెట్టారు. వేలం చూస్తూ నాన్న సంతోషంతో లేచి నిలబడ్డారు. "ఇంత డబ్బు పిల్లల నెత్తిన పెడితే వాళ్లు ఆడేది ఎట్లా" అన్నారు తాతయ్య. ఈసారి నేను తాతయ్య వైపు. ముప్ఫై లక్షల రషీద్‌కి ఐదు మ్యాచ్‌లు ఇచ్చారు. 14.20 కోట్ల కుర్రాడు మొదటి మూడు మ్యాచ్‌లలో 0, 5, 0 చేస్తే చెపాక్‌లో పసుపు చొక్కాలు వేసుకుని కూర్చునే మనం ఏమంటాం? మనమూ ఈ విమర్శలో భాగమే. ఏప్రిల్‌లో పెద్దవాళ్లను తీసేయమని అరిచింది మనమే, నవంబరులో ఎందుకు పంపారని ఏడ్చింది కూడా మనమే.

కొత్త సీజన్‌కి కొత్త నోటుబుక్కు కొన్నాను, 200 పేజీలది. పేరు, పరుగులు, బంతులు, వికెట్లు అని పాత గడులు గీశాక, ఈసారి చివర్లో ఇంకో గడి గీశాను, ఎన్ని మ్యాచ్‌లు ఇచ్చారు అని. ధోని, శాంసన్, మాత్రే, బ్రెవిస్, వీర్, శర్మ, అందరికీ ఒకే గడి. అన్న వాళ్ల ఇంటికి ఇంకా వెళ్లలేదు. పబ్లిక్ పరీక్షలు అయ్యాక వెళ్లాలి, ఈ ఏడాది ఆదివారం పోటీకి స్టంపులు మళ్లీ అతని దగ్గరే అడగాలి.